కేకు అడుగు ఉడకలేదంటే: ఓవెన్ రాడ్డు మార్చే ముందు తేల్చుకోవలసిన లెక్క

చీపురుపల్లిలో ఉంటున్న మా చెల్లెలు ఇంట్లోనే కేకులూ, పలాస జీడిపప్పు పలుకులు వేసిన బిస్కెట్లూ చేసి ఆర్డర్ల మీద ఇస్తుంది. క్రిస్మస్‌కు పది రోజుల ముందు ఆమె ఓవెన్‌లో కేకు పైభాగం ఎర్రగా కాలుతూ, అడుగు మాత్రం పచ్చిపిండిగా మిగిలిపోవడం మొదలైంది. దగ్గరలోని మెకానిక్ వచ్చి చూసి, "కింద రాడ్డు పోనాదమ్మా, మార్చీస్తే సరిపోద్ది" అని చెప్పి, విజయనగరం నుంచి కొత్త రాడ్డు తెప్పించి బిగించాడు. కొత్త రాడ్డు వేడెక్కడానికి వేడెక్కింది గానీ కేకు అడుగు మళ్లీ పచ్చిగానే వచ్చింది. "మీ లైనులో కరెంటు తక్కువ వస్తన్నాది, రాడ్డులో దోషమేటీ నేదు" అని ఆయన తేల్చి వెళ్లిపోయాడు. "అన్నయ్యా, కొత్తది వేసినా ఇలాగే ఉంది, ఓవెనే మార్చేయాలంటావా?" అని చెల్లెలు ఫోన్ చేసేసరికి రెండు ఆర్డర్లు చేజారిపోయాయి.

ఆ మెకానిక్ అబద్ధం ఆడలేదు, పనిలో బద్ధకమూ చూపలేదు. కాలిపోయిన రాడ్డును సరిగ్గానే గుర్తించాడు, రాడ్డును గట్టిగానే బిగించాడు. అయితే ఆ రాడ్డు ఆ ఓవెన్‌లో ఏ లెక్క ప్రకారం పనిచేస్తుందో కొలిచి చూడలేదు. రాడ్డు విప్పి మరొకటి బిగించడం అరగంటలో అయిపోయే పని. ఏది పోయింది, ఎందుకు పోయింది, దాని చోట ఏది రావాలి అన్న ప్రశ్నలకు మీటరుతో జవాబు రాబట్టుకోవడంలోనే కష్టమంతా ఉంది, ఆ కష్టాన్ని దాటవేసిన చోటే డబ్బు వృథా అవుతుంది. ఈ వ్యాసంలో ఆ లెక్కనే విడమరచి చెబుతాను, చెల్లెలి ఓవెన్‌కు ఏమైందో కూడా అందులోనే తేలుతుంది.

అన్నిటికంటే ముందు ఒక హెచ్చరిక. మన ఇళ్లలో "ఓవెన్" అనే ఒక్క మాటతో రెండు వేర్వేరు వస్తువులను పిలుస్తున్నాం. ఓటీజీ అనే చిన్న పెట్టె ఓవెన్‌లోనూ, వంటింటి అలమరాలో అమర్చే పెద్ద ఎలక్ట్రిక్ ఓవెన్‌లోనూ వేడి నేరుగా రాడ్ల నుంచి వస్తుంది. మైక్రోవేవ్ దారి వేరు. కన్వెక్షన్ రకం మైక్రోవేవ్‌లో కూడా ఒక హీటర్ రాడ్డు ఉంటుంది గానీ, దాని పక్కనే రెండు వేల వోల్టులకు పైబడి పనిచేసే కెపాసిటర్ కూడా ఉంటుంది. ప్లగ్ తీసేసిన తరువాత కూడా ఆ కెపాసిటర్‌లో మనిషి ప్రాణం తీయగల విద్యుదావేశం నిలిచి ఉండవచ్చు. కాబట్టి ఇక్కడ చెప్పేదంతా ఓటీజీకీ, మామూలు ఎలక్ట్రిక్ ఓవెన్‌కూ మాత్రమే వర్తిస్తుంది. మైక్రోవేవ్ మూత విప్పే పని శిక్షణ పొందినవారికి వదిలిపెట్టాలి.

రాడ్డు లోపల ఏముంటుంది

కాలిపోయిన ఆ పాత రాడ్డును నేను ఇంటికి తెచ్చుకుని హెక్సా బ్లేడుతో అడ్డంగా కోశాను. కోస్తున్నకొద్దీ ముగ్గుపిండి లాంటి తెల్లని పొడి కింద కాగితం మీద రాలింది, ఆ పొడి నడుమ బాల్‌పెన్ను స్ప్రింగులా చుట్టుకున్న సన్నని తీగ కనిపించింది. బయటికి ఇనుప కడ్డీలా కనిపించే రాడ్డు నిజానికి ఒక గొట్టం. దాని నడిమధ్యన ఉన్న తీగచుట్ట నిక్రోమ్ అనే మిశ్రమ లోహంతో చేసినది. అందులో సాధారణంగా నూటికి 80 పాళ్లు నికెల్, 20 పాళ్లు క్రోమియం ఉంటాయి. అమెరికాకు చెందిన ఆల్బర్ట్ మార్ష్ ఈ మిశ్రమానికి 1906లో పేటెంటు పొందాడు. రొట్టెలు కాల్చే టోస్టర్ నుంచి బట్టల ఇస్త్రీపెట్టె దాకా ఇంటి వేడి పరికరాలు చాలావరకు ఆ తీగ పుణ్యమా అని నిలబడ్డాయి.

నిక్రోమ్‌కు అంత వేడిని తట్టుకునే బలం క్రోమియం వల్ల వస్తుంది. తీగ మొదటిసారి ఎర్రగా కాగినప్పుడు దాని ఒంటి మీద క్రోమియం ఆక్సైడు పొర ఒకటి ఏర్పడి, లోపలి లోహానికి గాలి తగలకుండా కాపాడుతుంది. ఇనుప తీగను అంత వేడి చేస్తే చిలుము పొట్టుపొట్టుగా రాలిపోతూ తీగ తరిగిపోతుంది, నిక్రోమ్ మీద పొర మాత్రం తీగను అంటిపెట్టుకుని ఉంటుంది. ఇక ఆ తెల్లని పొడి మెగ్నీషియం ఆక్సైడు. వేడిని బాగా పోనిస్తుంది, విద్యుత్తును పోనివ్వదు. ఈ రెండు గుణాలూ ఒకే పదార్థంలో ఉండడం అరుదు. విద్యుత్తును పోనివ్వదు కాబట్టే తీగ మీద 230 వోల్టులున్నా గొట్టం మీద ఏమీ ఉండదు. ఆ పొడిని కిక్కిరిసేలా కూరి, గొట్టం రెండు కొసలనూ మూసి, తీగకు కలిపిన పిన్నులను బయటికి వదులుతారు. ఆ కొసల దగ్గరి మూత వదులైతే ఏమవుతుందో తరువాత చెబుతాను, మన తీరప్రాంతానికి అది ముఖ్యమైన సంగతి.

ఇంత కట్టుదిట్టంగా ఉన్న తీగ ఎందుకు తెగుతుంది? ఓవెన్ వేసినప్పుడల్లా తీగ వ్యాకోచిస్తుంది, ఆపినప్పుడల్లా సంకోచిస్తుంది. వందలసార్లు ఇలా జరిగాక పై ఆక్సైడు పొర ఏదో ఒక చోట చిట్లుతుంది. అక్కడ కొత్త లోహం గాలికి తగిలి మళ్లీ పొర కడుతుంది, ఆ మేరకు తీగ కాస్త సన్నబడుతుంది. సన్నబడిన చోట నిరోధం పెరుగుతుంది, నిరోధం పెరిగిన చోట వేడి ఎక్కువ పుడుతుంది, వేడి ఎక్కువైన చోట పొర మరింత త్వరగా చిట్లుతుంది. ఏళ్ల తరబడి నెమ్మదిగా సాగిన ఈ అరుగుదల చివరి రోజుల్లో చాలా వేగంగా ముగుస్తుంది. అందుకే "నిన్న రాత్రి దాకా బాగానే ఉందండీ" అనే మాట ప్రతి ఇంట్లోనూ వినిపిస్తుంది, అది నిజం కూడా. రాడ్డు మీద ఒకచోట బొబ్బ లేచి గానీ, నల్లగా చిట్లి గానీ కనిపిస్తే అక్కడే తెగిందని చెప్పవచ్చు. బయటికి ఏ గుర్తూ లేకుండా లోపలే తెగే రాడ్లు కూడా చాలా ఉంటాయి కాబట్టి కంటిచూపును నమ్ముకోకూడదు.

ఈ సహజమైన అరుగుదలను మనమే తొందరపెట్టే సందర్భాలు కూడా ఉన్నాయి. శుభ్రంగా ఉంటుందని ఓవెన్ అడుగున అల్యూమినియం ఫాయిల్ పరిచి, అది కింది రాడ్డుకు తగిలేలా వదిలేస్తే, రాడ్డు తన వేడిని బయటికి పంపలేక తానే మితిమీరి కాగుతుంది. పంచదార పాకమో, ఉప్పూ నిమ్మరసమూ పట్టించిన మాంసం నుంచి కారిన రసమో రాడ్డు మీద పడి మాడితే గొట్టం లోహాన్ని తినేస్తుంది.

మీటరు ముందు కూర్చునే ముందు

ఏ కొలత తీసుకోవాలన్నా గోడ నుంచి ప్లగ్ బయటికి లాగి, అది కళ్ల ముందే ఉండేలా పెట్టుకోవాలి. స్విచ్చి ఆపితే సరిపోదు. పాత ఇళ్లలో ఫేజు తీగా న్యూట్రల్ తీగా తారుమారుగా వేసిన సాకెట్లు తరచుగా కనిపిస్తాయి. అటువంటి చోట స్విచ్చి న్యూట్రల్‌ను మాత్రమే తెంపుతుంది, రాడ్డు పిన్నుల మీద ఫేజు అలాగే నిలిచి ఉంటుంది. ఓవెన్ చల్లగా, దీపం ఆరిపోయి, చూడటానికి నిర్జీవంగా ఉన్నా ముట్టుకున్నవారికి షాకు తగులుతుంది. ప్లగ్ లేకుండా నేరుగా తీగలతో కలిపిన అలమరా ఓవెన్ అయితే స్విచ్ బోర్డులో దాని ఎమ్‌సీబీ (ఆ లైనును తెంపే బ్రేకరు) ఆపి, టెస్టరుతో రెండు తీగలనూ చూసి, మూడోసారి మీటరుతో కూడా చూసుకుని అప్పుడు చెయ్యి పెట్టాలి.

విప్పే ముందే కాసేపు ఆలోచిస్తే సగం జవాబు దొరుకుతుంది. ప్లగ్ నుంచి వచ్చిన కరెంటు టైమరు, వేడిని అదుపు చేసే థర్మోస్టాట్, అధిక వేడికి తెగే థర్మల్ ఫ్యూజు, పైనా కిందా ఎంచుకునే సెలెక్టర్ స్విచ్చి దాటుకుని రాడ్డును చేరుతుంది. పైనా కిందా రెండూ చల్లబడిపోతే, రెండు వైపుల రాడ్లూ ఒకే రోజున తెగడం అరుదు కాబట్టి, రెంటికీ ఉమ్మడిగా ఉన్న త్రాడు, టైమరు, థర్మోస్టాట్, థర్మల్ ఫ్యూజులను అనుమానించాలి. ఒక వైపే చల్లబడితే ఆ వైపు రాడ్లు, వాటి లగ్గులు (తీగను పిన్నుకు కలిపే లోహపు కొసలు), సెలెక్టర్ స్విచ్చిలోని ఆ కాంటాక్టు, ఇవే అనుమానితులు. థర్మల్ ఫ్యూజు పోయిందని తేలితే దాని రెండు కొసలనూ నేరుగా కలిపేసే అలవాటు కొందరికి ఉంది. ఇల్లు కాలకుండా ఆపే చివరి కాపలాను తీసేయడమే అది. అదే ఉష్ణోగ్రతకు తెగే మరొకటి వేయాలి తప్ప దానిని దాటవేయకూడదు.

ఇక కొలత. పక్క రేకు విప్పాక, ఏ తీగ ఎక్కడుందో సెల్‌ఫోన్‌తో రెండు మూడు ఫోటోలు తీసి, రాడ్డు ఒక కొసన ఉన్న తీగను విడదీయాలి. విడదీయకుండా కొలిస్తే పక్క దారిలో ఉన్న మరో రాడ్డో, దీపమో మీటరులో కనిపించి మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. మల్టీమీటరును 200 ఓమ్‌ల మీద పెట్టి రాడ్డు రెండు పిన్నులకూ తాకించినప్పుడు ఎంత రావాలో ముందే లెక్క కట్టుకోవచ్చు. మన సరఫరా 230 వోల్టులు. 230ని 230తో గుణిస్తే 52,900 వస్తుంది, దానిని రాడ్డు వాట్లతో భాగిస్తే ఓమ్‌లు వస్తాయి. 1000 వాట్ల రాడ్డుకు సుమారు 53 ఓమ్‌లు, 1500 వాట్లకు 35, 2000 వాట్లకు 26. నిక్రోమ్ నిరోధం చల్లగా ఉన్నప్పుడు కాస్త తక్కువగా ఉంటుంది కాబట్టి ఒకటి రెండు ఓమ్‌ల తేడాను పట్టించుకోనక్కరలేదు. మీటరు ఏ అంకె చూపకుండా తీగలు తాకించనట్టే ఉంటే రాడ్డులో తీగ తెగిందన్న మాట. లెక్కకు దగ్గరగా అంకె వస్తే రాడ్డులో తీగ నిక్షేపంగా ఉంది, దోషం మరోచోట వెతకాలి. ఈ ఒక్క నిమిషం కొలతను తప్పించుకుని, బాగున్న రాడ్లను పారేసినవారిని నేను చాలామందిని చూశాను.

చెల్లెలి ఓవెన్ లెక్క

ఆ ఓవెన్ మొత్తం 1800 వాట్లది, పైన రెండు రాడ్లు, కింద రెండు రాడ్లు. అంటే ఒక్కో రాడ్డు 450 వాట్లు. మెకానిక్ తెప్పించిన కొత్త రాడ్డు మీద కూడా 230 వోల్టులు, 450 వాట్లు అని చెక్కి ఉంది. పొడవూ లావూ పాతదానితో అచ్చంగా సరిపోయాయి. ఇంకేం కావాలి అనిపిస్తుంది. నేను మాత్రం పనిచేస్తున్న పై రాడ్లలో ఒకదాన్ని విడదీసి కొలిచాను. 230 వోల్టుల 450 వాట్ల రాడ్డు అయితే సుమారు 118 ఓమ్‌లు చూపాలి. మీటరు 29 చూపింది. రెండో రాడ్డు కూడా 29.

ఆ అంకె చూడగానే విషయం తేటపడింది. 115ను 115తో గుణించి 450తో భాగిస్తే వచ్చేది 29.4, అంటే ఇవి 115 వోల్టుల రాడ్లు. ఇటువంటి ఓవెన్లలో కొన్నింటిని 115 వోల్టుల రాడ్లతో తయారుచేసి, వాటిని రెండేసి చొప్పున శ్రేణిలో, అంటే సిరీస్‌లో కలుపుతారు. 230 వోల్టులు రెండు రాడ్ల మధ్య సగం సగం పంచుకోబడతాయి. విజయనగరంలో పైడితల్లి సిరిమానోత్సవానికి వీధుల్లో కట్టే సీరియల్ బల్బుల తోరణంలో ఉన్న ఏర్పాటు ఇదే. అక్కడ ఒక బల్బు మాడితే ఆ వరుస మొత్తం ఆరిపోయినట్టే, ఇక్కడ ఒక రాడ్డు తెగితే బాగున్న రెండో రాడ్డు కూడా చల్లబడిపోతుంది. చెల్లెలి ఓవెన్‌లో కింద తెగింది ఒకటే అయినా అడుగంతా చల్లబడడానికి కారణం అదే.

ఇప్పుడు 29.4 ఓమ్‌ల పాత రాడ్డు పక్కన సిరీస్‌లో 117.6 ఓమ్‌ల కొత్త రాడ్డు చేరింది. రెండూ కలిసి 147 ఓమ్‌లు. 230ని 147తో భాగిస్తే ఒకటిన్నర ఆంపియర్లకు కాస్త ఎక్కువ. ఆ కరెంటుకు కొత్త రాడ్డు 288 వాట్లు, పాత రాడ్డు 72 వాట్లు, మొత్తం 360 వాట్లు ఇస్తాయి. ఉండవలసినది 900. కొత్త రాడ్డు వేడిగానే ఉంది, మెకానిక్ చెయ్యి దగ్గర పెట్టి చూసి పనిచేస్తోందనుకున్నాడు, అందులో ఆయన పొరబడలేదు. అడుగున రావలసిన వేడిలో నూటికి నలభై పాళ్లే వస్తున్నదని చెయ్యి చెప్పలేదు, మీటరు చెప్పింది.

దీనికి తిరగేసిన పొరపాటు మరింత ప్రమాదకరం. రెండు రాడ్లూ సమాంతరంగా, అంటే ఒక్కోదానికీ పూర్తి వోల్టేజి అందేలా ప్యారలల్‌గా ఉన్న ఓవెన్‌లో 115 వోల్టుల రాడ్డు బిగిస్తే దాని మీద 230 వోల్టులు పడతాయి. వోల్టేజి రెట్టింపైతే వేడి నాలుగు రెట్లవుతుంది, ఆ రాడ్డు కాసేపట్లోనే కాలిపోతుంది. విదేశంలో ఉన్న పిల్లలు అమెరికా నుంచి తెచ్చి ఇచ్చిన టోస్టర్ ఓవెన్‌ను మన సాకెట్‌లో పెట్టినా జరిగేది అదే. ఓవెన్ సిరీస్‌లో ఉందో ప్యారలల్‌లో ఉందో కళ్లతో కూడా తెలుసుకోవచ్చు. ఒక పక్కన రెండు రాడ్ల కొసలనూ చిన్న రేకుతోనో తీగతోనో కలిపేసి, రెండో పక్కన ఒక్కో కొసకు విడివిడిగా సరఫరా తీగ వస్తుంటే అది సిరీస్. రెండు పక్కలా కొసలు కలిసి ఉంటే అది ప్యారలల్. కాబట్టి దుకాణంలో అడగవలసినప్పుడు "అదే పొడవు, అదే వాట్లు" అంటే సరిపోదు, రాడ్డు వోల్టేజి కూడా చెప్పాలి. తెగిన రాడ్డును కొలవలేం గానీ దాని జోడీ రాడ్డు పక్కనే ఉంటుంది, దానిని కొలిస్తే కావలసినది తెలిసిపోతుంది.

మార్చేటప్పుడు

పొడవు, లావు, వోల్టేజి, వాట్లు కుదిరాక పిన్ను రకం చూడాలి. కొన్నింటికి స్క్రూతో బిగించే మరలు ఉంటాయి, కొన్నింటికి లగ్గు తోసే చదును రేకులు ఉంటాయి. వేడి బాగా రావాలని ఎక్కువ వాట్ల రాడ్డు వేయమని కొందరు అడుగుతారు. అలా చేస్తే థర్మోస్టాట్ కాంటాక్టులు, లోపలి తీగలు, సాకెట్ అన్నీ తమకు నిర్ణయించిన దానికంటే ఎక్కువ కరెంటు మోయవలసి వస్తుంది, కాబట్టి ఒప్పుకోకూడదు.

అలమరా ఓవెన్‌లో రాడ్డు వెనుక గోడకు రెండు స్క్రూలతో ఉంటుంది. స్క్రూలు తీసి రాడ్డును మెల్లగా ముందుకు లాగితే తీగలు కాస్త వెంట వస్తాయి. ఆ తీగలు జారి వెనక్కి పడిపోతే ఓవెన్ మొత్తాన్ని అలమరా నుంచి బయటికి తీయాలి, అందుచేత బట్టల క్లిప్పుతో పట్టించి ఉంచడం మంచిది. ఓటీజీలో రెండు పక్కల రేకులూ విప్పాలి. స్క్రూ బిగించేటప్పుడు పిన్నును కటింగ్ ప్లేయరుతో కదలకుండా పట్టుకోవాలి. పిన్ను మెలితిరిగితే పింగాణీ బుష్ పగులుతుంది, లోపలి తీగ పిన్ను దగ్గరే తెగుతుంది, కొత్త రాడ్డు ఒక్కసారి కూడా వెలగకుండానే చేతికి పాతదిగా వస్తుంది. గాజు గొట్టంలా కనిపించే క్వార్ట్జ్ రాడ్డు అయితే ఒట్టి చేత్తో ముట్టుకోకుండా పొడిబట్టతో పట్టుకోవాలి, ఎందుకంటే వేలి జిడ్డు అంటిన చోట గాజు వేడికి చెడుతుంది.

లగ్గు గురించి కాస్త గట్టిగానే చెప్పదలచుకున్నాను. ఒకే చోట రాడ్డు పదే పదే పోతున్న ఓవెన్‌లో అసలు దోషి చాలాసార్లు వదులైన లగ్గే. వదులైన చోట నిరోధం పెరిగి అక్కడే వేడి పుడుతుంది, లగ్గు నీలిరంగు తిరుగుతుంది, నల్లబడుతుంది, ఆ వేడి పిన్ను గుండా రాడ్డు కొసకు పాకి దాని మూతను చెడగొడుతుంది. నల్లబడిన లగ్గును ఉప్పుకాగితంతో రుద్ది మళ్లీ తొడగడం పనికిరాదు. కొసను కత్తిరించి కొత్త లగ్గును క్రింపింగ్ ప్లేయరుతో నొక్కాలి. టంకం పెట్టకూడదు, తగరం సీసం కలిపిన టంకం 183 డిగ్రీలకే కరిగిపోతుంది. తీగ మార్చవలసి వస్తే మామూలు పీవీసీ తీగ వాడకూడదు, అది సుమారు 70 డిగ్రీల దాకానే తట్టుకుంటుంది. ఫైబర్‌గ్లాస్ తొడుగు గల తీగ గానీ, సిలికాన్ తీగ గానీ వేయాలి.

వోల్టేజి, తేమ

"కరెంటు తక్కువ" అన్న మాటలో కూడా కొంత నిజం ఉంది కాబట్టి దాన్ని కొట్టిపారేయలేను. వేడి వోల్టేజి వర్గాన్ని, అంటే వోల్టేజిని దానితోనే గుణిస్తే వచ్చే అంకెను బట్టి మారుతుంది. సాయంత్రం వేళ సరఫరా 200 వోల్టులకు పడిపోతే 1000 వాట్ల రాడ్డు 756 వాట్లే ఇస్తుంది, పుస్తకంలో రాసిన నలభై నిమిషాలు చాలవు. అయితే తక్కువ వోల్టేజి రాడ్డును కాల్చదు. పైగా అది ఓవెన్ మొత్తాన్నీ ఒకేలా మందగింపజేస్తుంది, పైభాగం మాడిపోయి అడుగు పచ్చిగా ఉండదు. చెల్లెలి ఇంట్లో ఆ వివరణ చెల్లదని ఈ ఒక్క గమనికతోనే తెలిసిపోవాలి.

రాడ్లను చంపేది ఎక్కువ వోల్టేజి. మూడు ఫేజుల సరఫరాలో ఫేజుకూ ఫేజుకూ మధ్య 400 వోల్టులు ఉంటాయి. న్యూట్రల్ సక్రమంగా ఉన్నంతసేపూ ఒక్కో ఇంటికి 230 వస్తాయి. స్తంభం దగ్గర న్యూట్రల్ తెగితే వేర్వేరు ఫేజుల మీద ఉన్న ఇళ్లు ఒకదానితో ఒకటి సిరీస్‌లో పడిపోతాయి, తక్కువ వాడకం ఉన్న ఇంటి మీద మూడు వందలకు పైబడిన వోల్టులు పడతాయి. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు మన జిల్లాల్లో స్తంభాలు కూలి, తీగలు తెగిపోయి, ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అటువంటి తుపాను తరువాత సరఫరా తిరిగివచ్చిన మొదటి గంటల్లో ఓవెన్, ఫ్రిజ్ లాంటివాటి ప్లగ్ తీసి ఉంచి, దీపాలు స్థిరంగా వెలుగుతున్నాయని చూసుకున్నాకే వాటిని కలపడం శ్రేయస్కరం.

తేమ వేరే రకంగా దెబ్బతీస్తుంది. రాడ్డులోని మెగ్నీషియం ఆక్సైడు పొడి గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కళింగపట్నం, భావనపాడు వంటి సముద్రపు ఒడ్డు ఊళ్లలో వర్షాకాలం మూడు నాలుగు నెలలు వాడకుండా మూలన పెట్టిన ఓవెన్‌ను మళ్లీ వేయగానే ఇంట్లో ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్త్‌కు కారితే సరఫరాను తెంపే స్విచ్చి) టక్కున పడిపోతుంది. కొసల మూత వదులైన రాడ్డు లోపలికి తేమ చేరి, తీగ నుంచి గొట్టానికీ, గొట్టం నుంచి ఎర్త్‌కూ కరెంటు కారుతోందన్న మాట. ఇళ్లలో వాడే ఆర్‌సీసీబీ 30 మిల్లీఆంపియర్లు కారేలోపే తెంపేస్తుంది. ఆ పాటి కారడానికి గొట్టానికీ తీగకూ మధ్య నిరోధం ఏడెనిమిది వేల ఓమ్‌లకు పడిపోతే చాలు. పిన్నుల మధ్య కొలత అప్పుడు కూడా సవ్యంగానే వస్తుంది, ఓమ్‌లు సరిపోయాయి కదా అని రాడ్డును వదిలేస్తే పొరబడతాం. ఒక పిన్నుకూ గొట్టం పైరేకుకూ మధ్య 500 వోల్టుల మెగ్గర్‌తో (పెద్ద నిరోధాలను ఎక్కువ వోల్టేజితో కొలిచే మీటరుతో) కొలిచి, కనీసం ఒక మెగాఓమ్ ఉందో లేదో చూడాలి. తేమే కారణమైతే రాడ్డును విప్పి మంచి ఎండలోనో, మరో ఓవెన్‌లో తక్కువ వేడి మీదో కొన్ని గంటలు ఆరబెడితే చాలావరకు కోలుకుంటుంది. ఆరబెట్టాక కూడా కారుతుంటే మార్చక తప్పదు.

ఇక్కడ ఒక పని మాత్రం ఎవరూ చేయవద్దని వేడుకుంటున్నాను. ట్రిప్పు పడుతోందని ఎర్త్ తీగ పీకేసి ఓవెన్ వాడుకునేవారు ఉన్నారు. ఎర్త్ పీకేస్తే కారే కరెంటు ఓవెన్ ఒంటి మీదే నిలిచి, తలుపు పిడి పట్టుకున్న మనిషి కోసం ఎదురుచూస్తుంది. పాత ఇళ్లలో ఎర్త్ గుంట వేసవిలో ఎండిపోయి పేరుకే మిగులుతుంది. ఉప్పూ బొగ్గూ వేసి కట్టిన ఆ గుంటలో నీళ్లు పోస్తూ ఉండాలని మన పెద్దలు చెప్పేది ఇందుకే. ఓవెన్‌ను పెద్ద పిన్నుల 16 ఆంపియర్ల సాకెట్‌కే కలపాలి. 2000 వాట్లు దాదాపు 9 ఆంపియర్లు లాగుతాయి, చిన్న సాకెట్ మోయగలిగేది 6 మాత్రమే.

చెల్లెలి ఓవెన్‌కు 115 వోల్టుల 450 వాట్ల రాడ్డు విజయనగరంలో మేము తిరిగిన దుకాణాల్లో దొరకలేదు. కంపెనీ నుంచి తెప్పించుకోవడానికి పండుగ దాటిపోతుంది. అప్పటికే చేతిలో 230 వోల్టులది ఒకటి ఉంది కాబట్టి అటువంటిదే రెండోది కొని, కింది జోడీని సిరీస్ నుంచి ప్యారలల్‌కు మార్చాను. 117.6 ఓమ్‌లవి రెండు ప్యారలల్‌లో కలిస్తే 58.8 అవుతుంది. 29.4 ఓమ్‌లవి రెండు సిరీస్‌లో ఉన్నప్పుడు కూడా 58.8నే. మొత్తం కరెంటు మారలేదు, థర్మోస్టాట్‌కూ స్విచ్చికీ అదనపు భారం పడలేదు. కొత్తగా వేయవలసిన రెండు తీగ ముక్కలకు ఫైబర్‌గ్లాస్ తొడుగు తీగ వాడాను. వారంటీ ఉన్న ఓవెన్‌లో గానీ, వైరింగు అలవాటు లేనివారు గానీ ఈ మార్పు చేయకూడదు, అసలు రాడ్డు వచ్చేదాకా ఆగాలి.

మూసే ముందు కొలిచాను, సెలెక్టర్ దగ్గర కింది జోడీ 58.4 చూపింది. కిటికీలు తెరిచి, ఖాళీ ఓవెన్‌ను ఇరవై నిమిషాలు గరిష్ఠ వేడి మీద ఉంచితే, తయారీలో రాడ్డుకు అంటిన నూనె పొగగా లేచి పోయింది. కొత్త రాడ్డుకు ఆ పొగ మామూలే, రెండోసారి ఉండదు. గంట తరువాత చెల్లెలు చిన్న కేకు ఒకటి కాల్చి, తిరగేసి, అడుగు చూపించింది. పైరంగే అడుగుకూ వచ్చింది. ఓవెన్ వెనుక రేకు లోపలివైపు ఒక చిన్న కాగితం అంటించి, తేదీ వేసి, "పైన: 115 వోల్టులు, 450 వాట్లు, రెండు, సిరీస్, 59 ఓమ్‌లు. కింద: 230 వోల్టులు, 450 వాట్లు, రెండు, ప్యారలల్, 58 ఓమ్‌లు" అని రాసి రేకు బిగించాను.